పీలికల కోటు

ఇంగ్లండులో మే ఒకటో తేదీ ఉదయం. ష్రాప్‌షైర్ పల్లెలో, గుడ్డపీలికల కోట్లు వేసుకుని గెంతుతూ ఆడే మోరిస్ ఆటకి అందరూ సిద్ధమవుతున్నారు. కొత్తగా చేరిన పిల్ల, తను కుట్టిన కోటుని బెరుగ్గా బృందం పెద్దకి చూపించింది.

"పీలికలన్నిటికీ అంచులు మడిచి కుట్టావేంటమ్మా? పెళ్లికెళ్లే కోటులా ఉంది."

"పోగులు ఊడకూడదని, తాతా. నెల పట్టింది."

"ఊడాలి. మనిషిని 'ర్యాగెడ్', చింకిపాతల వాడు, అంటే తిట్టు, మన కోటుని అంటే మెప్పు."

"అయితే ఇవాళ నన్ను ఆడనివ్వరా?"

"ముందు కత్తెర ఇటివ్వు. అంచులు తీసేస్తే నీతోపాటు పీలికలూ ఎగురుతాయి. ఇదిగో, నా భుజం మీది ఎర్రది చించుకుని కుట్టుకో. కొత్తవాళ్లకి పాతవాళ్లు తలా ఒకటి ఇవ్వాలి."

"మీ కోటు పాడైపోదూ?"

"నలభై ఏళ్లుగా ఇస్తున్నా. ఏటేటా ఇంకాస్త చింకిగా, ఇంకాస్త అందంగా అవుతోంది. కుట్టడం అయ్యాక వరసలో నా పక్కన నిలబడు."