భుజాన తుపాకీ

సౌదీలో హఫర్ అల్ బాతిన్ అవతల ఎడారిలో, గొర్రెల మంద దగ్గర తొట్టికి నీళ్ళు పడుతున్నాయి. పట్టేది ట్యాంకర్ డ్రైవర్ పీరయ్య. తలకు తువ్వాలు చుట్టుకుని, ఆయన మొహం చూడకుండా పైపు సర్దుతున్నట్టు నటించేది కాపరి రామాంజి. ఇద్దరిదీ రాయచోటి పక్కే.

“అది కాదన్నా, మా యజమాని, కఫీల్ బాబా, రేప్పొద్దునకు జవాబు చెప్పమన్నాడు. తుపాకీ ఇంక గుడారంలో దాచొద్దు, దినామూ భుజానికేసుకొనే తిరుగు, రోడ్డు మింద పొయ్యేవాళ్ళకు కనపడాల అంటాండాడు. ఏం చెప్పమంటావు?”

“నన్నెందుకు అడుగుతావు? మూడు దినాలుగా ఏసుకొనే తిరుగుతాండావంట గదా.”

“ఎవురు చెప్పినారు?”

“బకాలా అంగడి ఫారూఖ్. రొట్టెలకు పోతే గూడా తగిలించుకొని పోయినావంట.”

“ఊరికే, ఎట్లుంటాదో చూద్దామని. నాలుగు గొర్రెల్ని దొంగలు తోలకపోయినారు గదన్నా. బాబా ఎంత అరిచినాడో నీకు తెలీదు.”

“మన పనోళ్ళ ఇకామా కార్డుతో తుపాకీ పట్టుకుంటే జైలే. పోలీసులొస్తే మీ బాబా, నాకు తెలీదు, వీడే ఎత్తుకొని పోయినాడు అంటాడు.”

“తెలుసు. తెలుసన్నా. అయినా... చెప్తే నవ్వుతావు. ఐదేండ్లుగా ఆ అంగడిలో నన్ను ‘ఏయ్ గొర్రెలోడా’ అనే పిలుస్తారు. తుపాకీతో పోతే ఆ ఫారూఖే ‘ఆవో భాయ్’ అని కుర్చీ ఏసినాడు. చాయ్ ఇచ్చినాడు. కాలు మింద కాలేసుకొని తాగినా.”

“బాగుండెనా?”

“బాగుండె. అబద్ధమెందుకు?”

“సరే. నిన్న మధ్యాన్నం ఈ తొట్టికాడికి ఒకాయప్ప వచ్చినాడా?”

“నిన్ననా? ఎవురూ రాలేదే.”

“రామాంజీ.”

“వచ్చినాడులే ఎవురో. దొంగోడు. గొర్రెల దిక్కే చూస్తాండె.”

“గొర్రెల దిక్కా, నీళ్ళ దిక్కా?”

“అంత దూరం నుంచి నాకెట్ల తెలుస్తాది?”

“ఎంత దూరం?”

“ఆ డ్రమ్ము కాడ.”

“డ్రమ్ము పది అడుగులు గూడా లేదు గదరా.”

“చేతిలో ఏముండాదో ఏమో అని బెదరినా. తుపాకీ చూపిచ్చినా, అంతే. కాల్చలేదు. గుండ్లు గూడా ఎయ్యలేదు దాంట్లో.”

“గుండ్లు లేవని ఆయప్పకు తెలుసా?”

“తెలీదులే.”

“చేతిలో ఏముండె?”

“ఖాళీ సీసా.”

“ఈ ఎడారిలో తొట్టికాడికొచ్చినోన్ని నీళ్ళకు కాదన్నోన్ని యాడన్నా చూసినావా? మీ బాబా గూడా ఎవురొచ్చినా తాగనీ అనే చెప్పింటాడు. మొదటేడు నువ్వు పాత మందకాడ్నుంచి పారిపోయొచ్చి నా బండి ముందర పడినప్పుడు...”

“అది ఎత్తొద్దన్నా.”

“ఎత్తనులే. ఆయప్ప నిన్న సాయంత్రం రోడ్డు పక్కన పడుంటే నేనే క్యాబిన్లో ఏసుకొని ఆస్పత్రికి తీసకపోయినా. జేబులో కాగితం ముక్క లేదు. అందుకే అడుగుతాండా, నిన్ను ఏ బాసలో అడిగినాడు?”

“బతికుండాడా?”

“ఏ బాసరా?”

“చేతులెత్తినాడు, అంతే. గాలి ఎక్కువుండె, ఇనపల్లేదు.”

“నిన్న గాలే లేదు. రామాంజీ, నా దిక్కు చూడు.”

“తెలుగన్నా. ‘అన్నా, రోంత నీళ్ళియ్యి’ అన్నాడు. నేను ‘ఇమ్షీ’ అన్నా. పో అని, అరబ్బీలో. తెలుగు రానోని మాదిరి నిలబడినా. మళ్ళా అడిగినాడు. మళ్ళా ‘ఇమ్షీ’ అన్నా. ఒక్క మాట తెలుగులో పలికింటే ఆ తుపాకీ పట్టుకోని నిలబడలేను గదా, అందుకు. సిగ్గుతో సచ్చిపోతాండానన్నా.”

“ఇదంతా నాకు ముందే తెలుసు.”

“నీకెట్ల తెలుసు?”

“ఆస్పత్రిలో నర్సు జెస్సీ కాకినాడామె. పొద్దున తెలివి రాంగానే ఆమెకు అంతా చెప్పినాడు. పేరు చెంచయ్య. నీ నోటితో నువ్వే చెప్తావేమోనని చూసినా.”

“పోలీసులకు?”

“పోలీసులొచ్చి అడిగితే మాత్రం, దావలో ఎవురూ కనపల్లేదు సార్ అన్నాడంట.”

“తుపాకీ ఈ పొద్దే బాబాకు ఇచ్చేస్తా. పనిలోంచి తీసేస్తే తీసేయనీ. నన్ను ఆస్పత్రికి తీసకపో అన్నా. ఒగన్ని పోయేదానికి నాకు మొగం చెల్లదు.”

“తీసకపోతా. ఒక మాట మాత్రం ముందే చెప్తా. ఆయప్పకు దూరం నుంచి నీ తుపాకీ కనపల్లేదంట. నువ్వు నెత్తికి తువ్వాలు చుట్టుకున్న తీరు చూసి, మన రాయచోటి తట్టోడే, ఇంక బతికినా అనుకొని నడిచొచ్చినాడంట.”