సుభాని మీసం తీయించిన బండి

“బండిని నడిపించి చూపించు సుభానీ, దాని బానెట్టు మీద నీ పేరు రాయించే పూచీ నాది. నేను బతికున్నన్నాళ్ళూ ఈ బండి చోడవరం విడిచి పోదు.” ఈ మాటన్నది ఎవరో తెలుసా బాబూ? మీ తాతగారే. కృష్ణంరాజు గారు. అరవైతొమ్మిదిలో, బుచ్చయ్యపేటలో జగ్గారావు బెల్లం పాక దగ్గిర, పదిమందీ వింటుండగా అన్నారు. అలా కుర్చీ అంచున కూచోకు, వెనక్కి జారబడు. మీ విశాఖ గెస్ట్‌హౌసులో ఉన్న జీపు కథ చెప్పమనీ, దానికి కొత్త బోర్డు రాయిస్తాననీ కదా వచ్చేవు. కథంటే మరి ఇక్కడినించే మొదలు. టీ వస్తంది. మా ఇంట్లో బెల్లం టీయే, పర్లేదు కదా?

సుభాని అంటే మెకానిక్కు, అంతే అనుకుంటన్నావు. వినయంగా మూల నిలబడి చేతులు తుడుచుకునే మనిషి అనుకునేవు గానీ, అబ్బే! అంత గొప్పలు చెప్పేవాణ్ణి నేను మళ్ళీ చూళ్ళేదు. యుద్ధంలో బర్మా దాకా మిలట్రీ బళ్ళు తోలి వచ్చేడు. చోడవరం బస్టాండు వెనకాల ఆయన రేకుల షెడ్డు. ఆ షెడ్డు ముందు లారీ ఆగితే, డ్రైవరు నోరు విప్పకముందే “ఉండు, నీ బండే చెప్తంది” అనేవాడు. ఇక మీసం సంగతి! రెండు కొసలూ పైకి మెలేసి, గ్రీజు చేతుల్తో కూడా ముట్టుకునేవాడు కాదు, మోచేత్తో సవరించుకునేవాడు. నేనా? నేనప్పుడు దొరికిన పుస్తకమల్లా చదివేసి, మెడలో ఎర్ర కండువా వేసుకుని, ఎవరు కనబడితే వాళ్ళకి ప్రపంచ చరిత్ర చెప్పే రకం. శ్రమదోపిడీ నశించాలి అని నేను షెడ్డులో ఉపన్యాసం మొదలెడితే, బండి కిందనించి చెయ్యి చాచి, “ఒరే కొండబాబూ, అది నశించేలోగా ఆ స్పానరిలా అందుకో” అనేవాడు. నవ్వు నవ్వు, నేనూ నవ్వేను.

అయితే ఆ ఏడు వానలప్పుడు నవ్వేదేం జరగలేదు. దేవరాపల్లి అవతల ఊరినించి చిన్నతల్లి అనే మనిషిని పురిటినొప్పులతో ఎడ్లబండి మీద ఆస్పత్రికి తెస్తన్నారు. బురదలో చక్రాలు ఇరుసు దాకా దిగిపోయేయి. ఎడ్లని మార్చేరు, మనుషులు భుజాలేసి ఎత్తేరు. తల్లీ పోయింది, బిడ్డా పోయింది. నేను మీ తాతగారి రైతు సేవా సంఘం ముందు నిలబడి, గొంతు బొంగురుపోయేదాకా అరిచేను. పేదవాడి ప్రాణం మీ కుర్చీ కాలు పాటి చెయ్యదా అన్నాను. మీ తాతగారు మంచి మాటకారి, కోపం రానివ్వరు. “బురదలో పోయే బండి ఎక్కడుందో చూపించు కొండబాబూ, సంఘం తెస్తాది” అన్నారు. వెనకనించి సుభాని, “నేను చూపిస్తాను” అన్నాడు.

చూపించేడు. ఏటి చూపించేడనుకున్నావు? జగ్గారావు చెరకు గానుగ ఆడించే ఇంజను! నాలుగు రాళ్ళ మీద కూచుంది. ముందు చక్రాల్లేవు. వెనక ఒక చక్రం ఊడదీసి, ఆ చోట కప్పీ బిగించి, దానికి బెల్టు వేసి గానుగ తిప్పేవారు. పైన చెరకు పిప్పి, పొగమసి, దాని మీద ఏటేటా తొలి గానుగ రోజున జగ్గారావు తల్లి అచ్చియ్యమ్మ పూసిన పసుపూ కుంకుమా. పొర మీద పొర, గోడలా పేరుకుపోయింది. అందరూ దాన్ని ఇంజనమ్మ అనేవారు. బండి అని ఎవరికీ తోచలేదు. అదీ రెండేళ్ళుగా బిగుసుకుపోయి తిరగడం లేదు, మళ్ళీ ఎడ్లనే కట్టుకుంటన్నారు. సుభాని చుట్టూ తిరిగి, మోచేత్తో మీసం సవరించి, “ఇది మిలట్రీ జీపు, విల్లీసు. విల్లీసు కాకపోతే ఇదే పాకలో మీసం తీయించేసుకుంటాను” అన్నాడు. అదిగో, అప్పుడే మీ తాతగారు ఆ మాటిచ్చేరు. ఒకే పూట, ఒకే చోట, రెండు మాటలు. ఒకటి మీసం మాట, రెండోది పేరు మాట. ఇది గుర్తుపెట్టుకో.

జగ్గారావు ఇచ్చేస్తానన్నాడు గానీ, అచ్చియ్యమ్మ ఒప్పుకోలేదు. సుభాని ఉలి తియ్యగానే అడ్డంగా వచ్చి నిలబడింది. “నా తల్లి మొకం గీకేత్తావేట్రా? సెయ్యెలాగొత్తాదిరా నీకు?” అంది. సుభాని ఉలి పక్కన పడేసేడు. కొబ్బరిచిప్ప తీసుకున్నాడు. “ఉలి పెట్టనమ్మా, నలుగు పెట్టినట్టు తీస్తాను. నువ్వే వేణ్ణీళ్ళు పొయ్యి” అన్నాడు. ఆవిడ పోసింది, ఈయన రుద్దేడు. ముందు బంపరు కనబడింది. తరవాత దీపాలుండే కన్నాలు. నేను విప్లవం సంగతి మర్చిపోయి చింతపండు నానబెట్టేను బాబూ, తోమడానికి! బంపరు వెనకాల, రేడియేటరు కింద, రెండు పక్కల ఇనప పట్టాల్నీ కలుపుతూ ఒక అడ్డకమ్మీ ఉంటాది. విల్లీసుకయితే అది గుండ్రటి గొట్టం. సుభాని వెల్లకిలా పడుకుని దాన్ని తడిమేడు. చాలాసేపు బయటికి రాలేదు. ఏటయిందని నేను వంగి చూస్తే, పడుకునే పొట్ట కదిలేలా నవ్వుతన్నాడు. “పెట్టెలా పలకలుందిరా! ఇది ఫోర్డు వాడు చేసిన జీపురా!” అన్నాడు. ఒకటే నమూనా బండిని యుద్ధంలో విల్లీసు వాడూ ఫోర్డు వాడూ చేసేరట. ఒక బోల్టు తోమి చూపించేడు. దాని తల మీద చిన్న ఎఫ్ అక్షరం. ఇంకోటి తోమేడు, దాని మీదా ఎఫ్.

నేనన్నాను, నువ్వూ నేనూ తప్ప ఎవడు చూసేడు, ఊరుకో, అందరికీ జీపంటే విల్లీసే అని. వినలేదు. బుచ్చయ్యపేట మంగలిని పిలిపించి, ఆ పాకలోనే, ఒక రాయి మీద కూచుని మీసం తీయించేసుకున్నాడు. జగ్గారావు అద్దం పట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికెళ్తే సుగ్రా బేగం, ఆయన భార్య, తలుపు సగం తీసి, “ఎవరండీ మీరు? ఆయన ఇంట్లో లేరు” అందిట!

ఇక ఇంజను. స్టడ్లు విప్పి పైమూత, అదే హెడ్డు, ఎత్తితే, లోపల నీళ్ళు తిరిగే దారులన్నీ నల్లగా గట్టిగా పూడిపోయేయి. చూసిన ప్రతివాడూ తుప్పు, ఇక తుక్కే అన్నాడు. మీ తాతగారు కూడా “వదిలెయ్ సుభానీ” అన్నారు. మొరాయించిన నట్టు ఒకటుంటే దాని చుట్టూ బ్లోలాంపుతో కాస్త వేడి పెట్టేడు. అంతే, పాకంతా బెల్లం వాసన! సుభాని వేలితో గీకి నాలిక మీద పెట్టుకుని అచ్చియ్యమ్మ వైపు చూసేడు. ఆవిడ అటు తిరిగిపోయింది. జగ్గారావు “అమ్మా!” అన్నాడు. అప్పుడు చెప్పింది. “బావి దూరం, రసం దగ్గర. తల్లి దాహమేసి ఆవిర్లు కక్కుతంటే సూత్తూ కూకోమంటావేట్రా? ముంతడు సెరుకురసం పోసేను. తల్లికి పోసిందేగదా, ఎవులికి పోసేను?” రేడియేటరులో చెరకురసం! లోపల మరిగీ మరిగీ పాకమై, అచ్చు కట్టేసింది. ఇంజనులో బెల్లం వండుకున్న ఊరు భూమ్మీద మనదొక్కటే బాబూ. సుభానికి పండగ. “తుప్పయితే తినేసేది. బెల్లం కప్పి ఉంచింది, నీ తల్లిని నువ్వే కాపాడేవమ్మా” అన్నాడు. సుగ్రా బేగం పెళ్ళిళ్ళకి బిర్యానీ వండే డేగిసా పట్టుకొచ్చేడు. “మనుషులకి వండేదాన్లో ఇంజనుకి స్నానమా? ఇక ఆ డేగిసాలో నువ్వే తిను!” అని ఆవిడ వెనకాలే తిట్టుకుంటూ వచ్చింది. వచ్చి, తనే పొయ్యి కింద పిప్పి ఎగదోసింది. మరిగిన నీళ్ళు పొయ్యడం, కరిగింది వొంపడం. గోధుమరంగు నీళ్ళు కాలవ కట్టేయి. బుచ్చయ్యపేట చీమలన్నీ అక్కడే కాపురం పెట్టేయి. చక్రాలు విశాఖపట్నం పాత సామాన్ల వాళ్ళ దగ్గిర, ఒక్కోటీ ఒక్కో చోట దొరికింది. పిస్టన్లు ఆయన చేత్తో సానబట్టేడు. స్టార్టయిన రోజున పొగ గొట్టంలోంచి వచ్చిన మొదటి పొగ కూడా బెల్లం వాసనే వేసింది. అచ్చియ్యమ్మ దిష్టి తీసింది.

డెబ్బైలో ప్రారంభోత్సవం. మీ తాతగారు బానెట్టు మీద గుడ్డ లాగేరు. దాని మీద ‘రైతు సేవా సంఘం, అధ్యక్షులు కృష్ణంరాజు’ అని ఉంది. అంతే ఉంది. నేను లేచి అరిచేను. మోసం, శ్రమదోపిడీ, నాకొచ్చిన మాటలన్నీ వాడేను. సుభాని నా చొక్కా పట్టి కూచోబెట్టి, “బానెట్టు పైది ఆయనది, కిందది నాది. ఎవడు ఎత్తి చూసినా నాదే” అన్నాడు. మళ్ళీ మొలుస్తన్న మీసం సవరించుకున్నాడు. కానీ కళ్ళు ఆ అక్షరాల మీదే ఉన్నాయి. నేను చూసేను.

బండి మాత్రం మాట నిలబెట్టింది. చిన్నతల్లి పోయిన ఆ బురదలోనే, మరుసటేడు నొప్పులు పడతన్న గున్నమ్మని తెచ్చింది. దారిలోనే కనేసింది, జీపులోనే. ఇద్దరూ క్షేమం. ఆ కుర్రాణ్ణి ఇప్పటికీ జీపయ్యనే అంటారు, మనవలొచ్చేరు వాడికి. కె.కోటపాడు నించి అవతల కొండ ఊళ్ళ దాకా సుభాని హారను వింటే దారిలో గొడ్లని పక్కకి తోలేవారు. డెబ్బైయారులో ఆయాసం వచ్చి ఆయన పోయేడు. మరుసటేడు మీ తాతగారు విశాఖలో ఊరేగింపుకని బండిని పంపించేరు. సాయంత్రానికి వస్తాదన్నారు. ఆ సాయంత్రం ఇంకా అవలేదు బాబూ.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వప్పటికి పుట్టలేదు. వచ్చేవు, అడిగేవు, మీ తాతగారు చేసిందానికంటే అదే ఎక్కువ. కానీ పోయినేడు సుభాని కూతురు జాహిదా అనకాపల్లినించి మనవల్ని తీసుకుని మీ గెస్ట్‌హౌసుకి వచ్చింది. జీపు చూపించి, ఇది మా నాన్న చేసిన బండి అంది. మీ వాచ్‌మనేటన్నాడో తెలుసా? “బోర్డు చదవమ్మా” అన్నాడు. ఏటుంది బోర్డులో? ‘విల్లీసు జీపు, కృష్ణంరాజు గారి సంరక్షణలో.’ విల్లీసట! మీసం తీయించుకున్న మనిషిని చచ్చేక కూడా అబద్ధం చేసేరు కదా! అక్కడికెళ్ళి, ఆ తెల్లచొక్కా నలిగినా పర్లేదు, దాని కింద దూరు. అడ్డకమ్మీ తడుము. గుండ్రంగా ఉంటే నేను చెప్పిందంతా కట్టుకథ, నన్ను ముసలి వాగుడుకాయనుకో. పలకలుంటే, బోర్డు మీద ఫోర్డని రాయించు, బానెట్టు మీద సుభాని అని రాయించు. తెలుగులో, దూరానికి కనబడేలా. బండిని తిరిగివ్వమని నేనడగడం లేదు. అదీ అడగాల్సిందే, కానీ ముందు పేరు. అరిచిన నినాదాలన్నిట్లో ఇదొక్కటే మిగిలింది నాకు. చేసినోడి పేరు చేసినదాని మీద ఉండాల.

ఆలోచిస్తానంటావా? ఆలోచించు. జగ్గారావు మనవలు ఈ ఏడు తొలి గానుగకి జాహిదాని పిలిచేరు. వచ్చి నన్నే అడుగుతాది, మావయ్యా, ఏటన్నారు అని. రాయిస్తాడనో రాయించడనో, ఆవిడకి చెప్పడానికి నాకొక్క మాట కావాల. టీ చల్లారిపోయింది, తాగెయ్యి. తొలి గానుగ డిసెంబరు పదో తారీకు.