ఆనందకుమార్ మేస్టారి సర్వే

ఎవురు, ఆనందకుమార్ మేస్టారా? ఆయన పేరు నీకెలాగ తెలుసమ్మా యశస్వినీ? మీ యూనివర్సిటీ లైబ్రరీలో ఆయన కాయితాలు దొరికినాయా? సర్లే, ఇటు కూకో, ఆ కుర్సీ కాలు ఊగుతాది. అప్పుడే స్టీలు ఫేక్టరీకి బూములిచ్చీసి అందరం ఈ కూర్మన్నపాలెం పక్క కాలనీకొచ్చి పడ్డాం. ఆయన మీ యూనివర్సిటీలోనే ఎకనామిక్స్ మేస్టారు. బూమి పోనోలు ఏటి తింతన్నారు, ఏ పని సేత్తన్నారనీసి ఇంటింటికీ తిరిగి రాసుకునీవోరు. మూడేళ్లు, ఎండనకా వాననకా. ఆయనెంట తిరిగినోడ్ని నానే. మా యమ్మ గంజి పోత్తే తాగీసి, "ఇందులో బియ్యం ఎన్ని గిద్దలమ్మా?" అనడిగీవోరు. "సదువుకున్నోడివి, గంజి సూత్తే తెలీదేటి బాబూ" అని మా యమ్మ ఒకటే నవ్వు. పాపం, ఆవిడా పోనాది, సుగరొచ్చి... ఆఁ, ఎక్కడున్నాను?

పుస్తకం. రాసుకున్నదంతా కలిపి పుస్తకం సేసినారు. అది అచ్చయితే ఆయన ప్రొఫెసరైపోదురు. గానీ అందులో ఏటి రాసినారు? లేబర్ కాంట్రాక్టరు ఉదయ్‌కుమార్ బూమి పోనోలకి రావల్సిన పన్లో మావోళ్ల పేర్లెట్టి బయటోళ్లని దింపినాడని రాసినారు. ఆడికి మండదేటి? "గదిలో కూకుని అల్లిన రాతలు, ఆ మడిసి కాలనీ మొహమే సూడనేదు" అనీసి యూనివర్సిటీకి పిటీషనెట్టీసినాడు. ఎంక్వయిరీ పడ్డాది. మేస్టారు "జగ్గారావునడగండి" అన్నారట, అంటే నన్నే. ఇంకెవురి పేరూ సెప్పనేదు. అంత నమ్మకం. ముందురోజు ఉదయ్‌కుమార్ మా ఇంటికొచ్చినాడు. "ఏరా జగ్గా, గేటు కాడ పనుంది, పర్మనెంటు. ఆ మేస్టారెవురో నీకు తెలీదు కదా?" అన్నాడు.

ఎల్లినాను. బల్ల ఎనకాల ముగ్గురు పెద్దోలు. పక్కన మేస్టారు, నన్ను సూసి నవ్వినారు. "ఈయన మీ కాలనీలో ఇంటింటికీ వచ్చేవారా?" అని ఆ పెద్దోలడిగినారు. నాను నేల సూసి, "ఎప్పుడో ఓపాలి వొచ్చినట్టున్నారండి" అనీసినాను. మేస్టారు పెన్నుకి మూతెట్టీసుకున్నారు, అంతే.

పుస్తకం రానేదు. ప్రొఫెసరూ అవనేదు. ఆయన కాడ సదివినోలు ఆయన మీద పెద్దోలైపోనారు. రిటైరయ్యేదాకా కొత్తగా ఒక్క ముక్క రాయనేదట.

ఆయన పోయే ముందేడు దువ్వాడ బస్సులో కనబడ్డారు. సూసీసినారు, తప్పించుకోడానికి నేదు. పక్కకి జరిగి, "కూర్చో జగ్గారావూ. ఉద్యోగం పర్మనెంటైందా?" అన్నారు. ఆ గేటు పన్లోంచి ఆర్నెల్లకే నన్ను తీసీసినారమ్మా. అయినా "అయిందండి" అన్నాను. "మంచిది, పిల్లలున్నవాడివి" అన్నారు. ఆ మాట నిజంగానే అన్నారు, ఎటకారం కాదు. ఆయన నన్ను తిట్టుంటే...

ఆ ఫేను తగ్గించమ్మా, నీ కాయితాలెగిరిపోతన్నాయి.