యాప్రాల్ తోవల ఆగిన బండి

"తాతా, నా బండి మళ్ల ఆగిపోయింది. మెకానిక్ ప్లగ్గు మార్చాలంటున్నడు. నువ్వు వయసుల బండ్లు ఇప్పేటోనివంట గదా, మార్చమంటవా?"

ప్లగ్గా? ఆగు బిడ్డా. ప్లగ్గు జోలికి అంత జల్ది పోవద్దు. కూసో ముందు. ఫోన్ల రికార్డు సుత పెట్టినవా? పెట్టు, పెట్టు. ఈ ముచ్చట మీ నాయినకు సుత పూరా చెప్పలే నేను. సగం చెప్పిన. మిగిలిన సగానికి నోరు రాలే.

నేను మెకానిక్‌ను కాదు, అది తెల్సుకో ముందుగల్ల. రైల్వే స్టోర్ల గుమస్తాను. మెట్టుగూడల రెండర్రల ఇల్లు మాది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, తెల్లంగి ఇప్పి, పాతంగి ఏస్కొని ఎవరిదో ఒకరి బండి ముంగట కూసునేటోన్ని. దేవుని దినం సుత గీ మసేనారా దానియేలూ అని మా అమ్మ తిట్టేది. నాకు ఎవరు నేర్పలే. ఇప్పదీసుడు, చూసుడు, మళ్ల బిగించుడు, అంతే. బిగించినంక ఒకటి రెండు నట్లు మిగిలేవి. ఎక్కడివో నాకే తెల్వకపోయేది.

మా గోడకు ఆనుకొనే రహీం భాయ్ ఇల్లు. దర్జీ. తురకోళ్లే గని ఇంట్ల సుత తెలుగే మాట్లాడుదురు, వాళ్ల తాతలది వరంగల్ దిక్కు. ఆయన కుట్టేటోడు, ఆయన భార్య జుబేదా భాభి కాజాలు తీసేది. ఆమె చెయ్యి ఎంత సన్నమంటే, కాజా ఎక్కడ షురూ అయింది ఎక్కడ ఖతమయింది కనవడకపోయేది. పిల్లలు లేరు వాళ్లకు. పిల్ల లెక్క ఒక మోటర్ సైకిల్ ఉండె. జర్మనోళ్లతోని లడాయి అయిపోయినంక సికింద్రాబాద్ కంటోన్మెంట్ల మిలిటరీ సామాన్లు వేలం ఏసిన్రు, అండ్ల కొన్నడు. అప్పుడు హాలీ సిక్కా, నిజాం రూపాయి, నడిచేది, మీకు తెల్వది అది. పాత బండి, బరువంటే బరువు. ఎనక సీటుకు కింద రెండు స్ప్రింగులుండె. మనిషి కూసుంటే కిర్రుమనేది, మనిషి లేకపోతే సప్పుడు చెయ్యకపోయేది. ఆ బండికి ఏ తక్లీఫ్ వచ్చినా రహీం భాయ్ గోడ మీదికెళ్లి పిలుస్తుండె, "దానియేలూ, నీ పేషెంట్ వచ్చింది" అని.

పోలీస్ యాక్షన్ అయిన ఏడాది అది. ఇండియా మిలిటరీ దిగుతదని ఒకటే పుకార్లు. కొందరు ఇండ్లకు తాళాలేసి పోయిన్రు. మా గల్లీల పదిండ్లుంటే నాలుగు ఖాళీ. పెట్రోల్ దొరుకుడే కష్టం. గట్ల ఉండంగ రహీం భాయ్ సీసల దాసిన పెట్రోల్ టాంకీల పోసి, పెళ్లి బట్టల మూట ఎనక కట్టుకొని యాప్రాల్ దిక్కు బైలెల్లిండు. అక్కడ ఒకరింట్ల పిల్ల లగ్గం. భాభి వద్దన్నది. నేను సుత వద్దన్న. "బట్టలు కుట్టి ఇయ్యకపోతే పెళ్లి పిల్ల ఏం కట్టుకుంటది, దోపహర్ వరకు వస్తా" అన్నడు.

రాలే.

ఆ రోజు రాలే, తెల్లారి రాలే. మిలిటరీ దిగింది, సర్కారు మారింది, పెట్రోల్ సుత దొరుకుడు షురూ అయింది. ఆయన రాలే. భాభి తలుపు మూయకపోయేది. పగలు రాత్రి బార్లా తెరిసే ఉండేది. చలికి సుత మూయలే.

ఓ పదిహేను రోజులకు... కాదు, ఇంక ఎక్కువే, మా అక్క కాన్పుకు వచ్చింది అప్పుడు, నెల అయి ఉంటది. ఠాణా నుంచి కబురొచ్చింది, యాప్రాల్ తోవల ఒక బండి దొరికింది, వచ్చి చూసుకోమని. నేను పోయిన. అదే బండి. గీత పడలే, వంకర పోలే. గస్తీ తిరిగే మిలిటరీ వాళ్లు చూసిన్రంట, రోడ్డు పక్కకు మంచిగ స్టాండేసి నిలవెట్టి ఉన్నదంట. నేను తోస్కుంట ఇంటికి తెచ్చిన.

భాభి బండి చుట్టు తిరిగింది. ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. వంగి టాంకీ కింది పెట్రోల్ నల్లా చూసి, "తమ్మీ, నల్లా బంజేసి ఉన్నది. భయపడి ఉరికినోడు నల్లా బంజేస్తడా?" అన్నది.

ఆమె అడిగింది సహీ. మర్నాడు నేను కూసొని బండిని చదువుడు షురూ చేసిన. చదువుడే అది. ప్లగ్గు మీద చెయ్యి పెట్టిన, ఏళ్లతోనే తిరిగింది. కొత్త ప్లగ్గు. చేతితోని ఎక్కించిండు గని పానాతోని బిగించలే. పనిముట్ల సంచి చూస్తే అన్నీ ఉన్నయి, ప్లగ్గు పానా ఒక్కటి లేదు. అంటే ఏంది? బండి ఆగింది. నల్లా బంజేసిండు. పాత ప్లగ్గు తీసి కొత్తది పెట్టిండు. బిగించేటందుకు పానా చేతుల పట్టుకున్నడు. అగో, ఆడ ఏదో అయింది.

భాభికి చెప్పలే. ఏమని చెప్పాలె?

"తమ్మీ, బండి నడిచేటట్టు చెయ్యి. ఆయన వస్తె అడుగుతడు" అన్నది. చేసిన. వేరే పానా తెచ్చి ప్లగ్గు బిగించిన, రెండు కిక్కులకు లేసింది. మంచిగ నడిచింది. గల్లీల నడిపిన, సికింద్రాబాద్ టేషన్ దాక నడిపిన, ఏం కాలే. ఇగ ఒకనాడు పొద్దుగాల, ఎందుకో నాకే తెల్వది, అదే తోవ పట్టిన. లాలాగూడ, మల్కాజ్‌గిరి, ఆ తర్వాత యాప్రాల్ దిక్కు. అప్పుడు ఆడ ఏముండె బిడ్డా, రాళ్లు, తాటిచెట్లు, సీతాఫలం పొదలు. మనిషి లేడు. రోడ్డు కింద నీళ్లు పొయ్యే మోరీ ఒకటుండె. ఆ మోరీ దాటంగనే బండి రెండు సార్లు దగ్గి ఆగింది.

కిక్ కొట్టిన. లేవలే. ప్లగ్గు ఇప్పిన, తుడ్సిన, మళ్ల పెట్టిన. లేసింది. ప్లగ్గుదే ఐబు, తప్పు దానిదే అనుకొని వాపస్ వచ్చిన. వారం ఆగి మళ్ల పోయిన. మళ్ల అదే మోరీ. పది గజాలు ఇటో అటో, అంతే. మళ్ల ప్లగ్గు ఇప్పిన, మళ్ల లేసింది. ఇంటికి వచ్చినంక అన్నం పోలే నాకు. వేరే ఏ తోవల ఆగని బండి ఆడనే ఎందుకు ఆగాలె? రహీం భాయ్ బండి దొరికింది సుత ఆ మోరీ కాడనే అని ఠాణా జవాన్ చెప్పిండు.

మూడో సారి పట్టపగలు పోయిన. ఎండ మస్తున్నది. ఆగింది. నేను దిగి స్టాండేసిన, నల్లా బంజేసిన, ప్లగ్గు ఇప్పి పక్కకు పెట్టిన. పానా చేతులకు తీసుకున్న. అగో, అప్పుడు సోయికొచ్చింది. నా చేతులు ఏం చేస్తున్నయో చూసుకున్న. స్టాండు, నల్లా, ప్లగ్గు, పానా. ఆయన చేసినట్టే చేస్తున్న, అదే తావుల, అదే వరుసల. ఈపు మీద చల్లగ అయింది, అంత ఎండల. ఎనక ఎవరో ఉన్నరు. తిరిగి చూడాలంటే మెడ తిరగలే.

"మళ్ల వచ్చినవా అయ్యా? పది నిమిషాలల్ల వస్తనంటివి" అని ఎవరో అన్నరు.

గొంతు ముసలిది. ఎట్లనో తిరిగిన. కల్లు గీసే ఆయన, నడుముకు మోకు కట్టుకొని నిలవడ్డడు. పేరు మల్లయ్య. నా మొఖం చూసి ఆయన సుత జడుసుకున్నడు. "నువ్వు ఆయన కాదు గదా. కూసున్నది చూస్తె ఆయనే అనుకున్న" అన్నడు.

చెట్టు కింద కూసోవెట్టి చెప్పిండు. ఆ రోజు ఆయన తాటిచెట్టు మీదున్నడంట. కింద బండి ఆగింది, ఒకాయన దిగి బాగు చేసుకుంటున్నడు. ఇంతల ఒక లారీ వచ్చింది, నిండ తుపాకులోళ్లు. లారీ సుత దగ్గుకుంటనే వస్తుందంట. వాళ్లు ఈయన చేతుల పానా చూసి, నీకు ఇంజన్ పని తెల్సా అని అడిగిన్రు. తెల్సు అన్నడు. ఎక్కు అన్నరు. మల్లయ్య అప్పటికి చెట్టు దిగిండు. రహీం భాయ్ మూట ఆయన చేతుల పెట్టి, "జెర బండి చూస్తుండు పెద్దయ్యా, పది నిమిషాలల్ల వస్తా" అని చెప్పి లారీ ఎక్కిండు. పానా చేతులనే ఉన్నదంట.

"ఎవరు వాళ్లు?" అని అడిగిన. "నాకేం తెల్సు అయ్యా, తుపాకి పట్టుకున్నంక అందరు ఒక్కతీర్గనే కనవడ్డరు" అన్నడు. నాకు సుత ఇప్పటిదాక తెల్వది. ఎవరినీ అనను నేను.

మల్లయ్య నాలుగు రోజులు బండి కాడ కావలి ఉన్నడంట. మిలిటరీ తీస్కపోతుంటే భయపడి అడగలేదంట. మూట మాత్రం గుడిసెల పెట్టిండు. తెచ్చి నా చేతికిచ్చిండు.

ఇగ ఇది నేను చెప్పని సగం. విను.

మల్లయ్య పోయినంక బండి లేపుదామని కూసున్న. ప్లగ్గుకు నిప్పురవ్వ మంచిగనే వస్తుంది. మరి ఐబు ఏంది? పెట్రోల్ పైపు ఊడదీసిన. టాంకీ నిండ పెట్రోలుంటే పైపుల చుక్క రాలే. టాంకీ మూత తిప్పిన. సూ... అని లోపలికి గాలి గుంజుకుంది, ఎవరో ఊపిరి తీసుకున్నట్టు. పైపుల పెట్రోల్ ధార పడింది. అప్పుడు సమజయింది. టాంకీ మూతకు సన్న రంధ్రం ఉంటది బిడ్డా, గాలి పోయేటందుకు. అది మూసుకపోతే బండి కొంత దూరం నడుస్తది, ఇగ పెట్రోల్ దిగక ఆగుతది. జెర సేపు ఆగితే ఎట్లనో ఇంత గాలి పోయి మళ్ల లేస్తది. ప్లగ్గు ఇప్పి మళ్ల పెట్టేవరకు ఆ జెర సేపు గడుస్తది, అందుకే ప్లగ్గుదే తప్పనుకుంటం. మెట్టుగూడల బైలెల్లితే సరిగ్గ ఆ మోరీ కాడికే దాని దమ్ము అయిపోయేది. దయ్యం లేదు, భూతం లేదు.

రంధ్రంల ఏమున్నదో చూసిన. నల్ల రంగు. ఎండిన రంగు చుక్క.

ఆ టాంకీకి రంగు ఏసింది నేనే. ఆయన బైలెల్లిన దినానికి ముందటి ఆదివారం. తుప్పు పట్టింది, పెళ్లింటికి పోతున్నవ్, మంచిగ కనవడాలె అని నేనే అడిగి ఏసిన. మూత తీసి పక్కకు పెట్టాలె గదా? పెట్టలే. తొందరల దాని మీదికెళ్లే కుంచె గుంజిన.

...ఆఁ. నీళ్లియ్యి జెర.

మూట పట్టుకొని భాభి ఇంటికి పోయిన. తలుపు తెరిసే ఉన్నది. మల్లయ్య చెప్పింది చెప్పిన. ఆమె మూట ఇప్పి, ఎర్ర కుర్తా తీసి, తన కాజాల మీద ఏలు పెట్టి రాసింది. ఇగ రంగు సంగతి సుత చెప్పిన. దాచుకుంటె సచ్చిపోతననిపించింది. ఆమె కాజా మీదికెళ్లి ఏలు తీసి నా దిక్కు చూసింది.

"చలికాలం నుంచి రోజూ మా ఇంట్ల నీళ్లు తెచ్చి పోస్తున్నవ్. అప్పుడు తెల్సా నీకు?" అన్నది.

"ఇయ్యాలనే తెలిసింది భాభీ."

"తెల్సినంక వచ్చినవ్ గదా," అన్నది. మాఫ్ చేసిన అనలే. చెయ్యను అనలే. కుర్తా మడత పెట్టి, "ఇది పెళ్లోళ్లకు చేరాలె తమ్మీ. ఆయన పని సగంల ఉన్నది. నువ్వు పోయి ఇచ్చిరా" అన్నది.

రంధ్రం సూదితోని సాఫ్ చేసి మర్నాడు పోయిన. బండి ఆగలే. మోరీ దాటింది, యాప్రాల్ చేరింది. ఆ లగ్గం లడాయి గడబిడల ఆగిపోయి, మళ్ల ముహూర్తం పెట్టుకున్నరంట. ఆ ఇంటి పెద్దాయన మూట తీసుకొని రెండు చేతులతోని కండ్లకు అద్దుకున్నడు.

వాపస్ వస్తున్న. ఎండ దిగుతుంది. మోరీ వచ్చింది. బండి ఆగలే, ఆగనియ్యలే నేను, గేరు సుత మార్చలే. మోరీ మీదికి రాంగనే ఎనక సీటు కిర్రుమన్నది.

రాయి తగిలిందనుకున్న. బండి బరువెక్కింది. చడావుల, ఎత్తు ఎక్కేకాడ, నేను ఒక్కన్ని ఉన్నప్పుడు ఎట్ల పోతదో నాకు తెల్సు, ఇద్దరున్నప్పుడు ఎట్ల మూలుగుతదో తెల్సు. ఇద్దరున్నట్టే మూలిగింది. మల్కాజ్‌గిరి దాటిన, లాలాగూడ దాటిన. గుంత వచ్చినప్పుడల్లా ఎనక స్ప్రింగులు నా ఎనకనే దిగుతున్నయి, లేస్తున్నయి. నేను తిరగలే బిడ్డా. భయంతోని అనుకుంటున్నవా? ముందుగల్ల భయమే. లాలాగూడ కాడికి వచ్చేవరకు భయం పోయింది. తిరిగి చూస్తే దిగిపోతడేమో అనిపించింది. అందుకని తిరగలే. మెల్లగ నడిపిన, గుంతలు తప్పించుకుంట.

ఇంటి ముంగట ఆపిన. ఇంజన్ ఇంక బంజెయ్యలే, భాభి గడపలకు వచ్చింది. నా దిక్కు చూడలే ఆమె. నా భుజం మీదికెళ్లి ఎనక సీటు దిక్కు చూసింది. అట్లనే నిలవడ్డది. తర్వాత పైట నెత్తి మీదికి గుంజుకొని, జెర పక్కకు జరిగింది, లోపలికి వచ్చేటోనికి తోవ ఇచ్చినట్టు.

నా ఎనక సీటు కిర్రుమని లేసింది.

భాభి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. ఆయన పోయిన దినం నుంచి ఆ తలుపు మూసుడు నేను చూసింది అదే మొదటిసారి.

అంతే బిడ్డా. తెల్లారి ఆమె మిషన్ ముంగట కూసుంది, ఆయన మిషన్ ముంగట. చానా ఏండ్లు కుట్టింది. నన్ను తమ్మీ అనుడు ఇడువలే. ఆ సాయంత్రం ఏం చూసినవని నేను అడగలే, ఆమె చెప్పలే. ఆమె మట్టి అయిననాడు నేను సుత భుజం పట్టిన...

ఏడుస్తున్నవా? అరె. ఇటు రా, నెత్తి మీద చెయ్యి పెట్టనియ్యి. నువ్వు ఎటు పోయినా చెప్పిన యాళ్లకు ఇంటికి చేరాలె, నీ కోసం తలుపు తెరిసి పెట్టినోళ్లు నువ్వు వచ్చినంక దాన్ని మూసుకోవాలె. దేవుడు అంత చేస్తె సాలు నీకు. ఇగ ఆ ఫోను బంజెయ్యి, కండ్లు తుడ్సుకో...