టాకా పడిపోయిన నెల

ఆదివారం పొద్దున్న. ఖిదిర్‌పూర్ పోర్టు క్వార్టర్లో, ఆస్పత్రిలో ఆయా పని చేసే సత్యవేణి చేపలు కడుగుతోంది. చాందినీ బజారులో కంప్యూటర్ల దుకాణంలో పనిచేసే తమ్ముడు సుందర్, అక్క పెట్టిన ఉప్మా ముట్టకుండా గుమ్మంలో కూర్చున్నాడు. నిన్నటి సంగతి అడుగుతుందని వాడికి తెలుసు. అడగనే అడిగింది.

"నస్రీన్ నీ దుకాణానికి వచ్చిందా లేదా, అది సెప్పు."

"వచ్చిందప్పా."

"వచ్చి?"

"సూసింది. ఎల్లిపోనాది."

"కొనలేదేటి?"

"లేదు."

"అదేటిరా! తండ్రి గుండె మందులు పోగా మిగిలిందంతా కంప్యూటరు కోసమే కదా దాచుకుంది. బోర్డరు అవతల ఖుల్నాలో ఇంట్లో కూకుని, ఎవరెవరికో బొమ్మలు గీసి పంపి బతుకుతాది ఆ పిల్ల. ఉన్న కంప్యూటరు పాడైపోనాది. అదే దాని కూడు."

"తెలుసప్పా. నువ్వే కదా పంపినావు."

"నానే. ఆస్పత్రిలో ఆ పిల్ల తండ్రికి మంచం మీద ఒళ్ళు తుడుస్తా సెప్పినాను. 'మా తమ్ముడున్నాడు, నిన్ను మోసం సెయ్యడు' అని."

"ఉప్మాలో ఉప్పు..."

"ఉప్పు సరిపోయింది. ఎందుకు కొనలేదు?"

"డబ్బు సాల్లేదు."

"మార్చిలో వచ్చినప్పుడు సరిపోయింది కదా?"

"అప్పుడు ఆళ్ళ దేశం డబ్బు వంద టాకా మారిస్తే డెబ్బయ్యారు రూపాయలొచ్చేవి. ఇప్పుడు డెబ్బయ్యే."

"ఆరు రూపాయలకేనా?"

"వందకి ఆరప్పా. ఇటు డాలరు పెరిగితే మన ధరా పెరిగింది. మార్చిలో ముప్పై ఎనిమిది వేలది ఇప్పుడు నలభై ఒకటి. ఆ పిల్లకి అప్పుడు యాభై వేల టాకాలకి వచ్చీసేది. ఇప్పుడు యాభై తొమ్మిది దగ్గర. వస్తువు అదే. రెండు పక్కలా నొక్కీసింది."

"మీ కాడికి నేపాలోళ్ళు వస్తారు కదా, ఆళ్ళకీ ఇంతేనా?"

"ఆళ్ళ డబ్బు మన రూపాయికి కట్టీసుంటాది. మనకెంత పెరిగితే ఆళ్ళకీ అంతే. టాకాకి ఆ కట్టు లేదు."

"పోనీ ఢాకాలో కొనుక్కోవచ్చు కదా?"

"అక్కడ ఇంకా ఎక్కువ. ఆళ్ళూ డాలర్లే పొయ్యాల."

"మరి మార్చిలోనే ఎందుకు కొనలేదు?"

"ఏటో..."

"ఏటో ఏటి?"

"తండ్రి చెకప్‌కి మళ్ళీ రావాల కదా, అప్పుడు తీసుకుందామని..."

"ఆ పిల్లే అనుకుందా? నువ్వేవైనా అన్నావా?"

"అప్పా, చేపలు మాడిపోతాయి సూడు."

"పొయ్యి ఎలిగించనేలేదురా."

"నానే అన్నాను."

"ఏటని?"

"టాకా మళ్ళీ లేస్తాది, ఇప్పుడు కొనొద్దు, మూడు నెల్లాగమని."

"మంచికే అన్నావు. రేపు ఏటవుతాదో ఎవరికి తెలుస్తాది?"

"తెలుసప్పా."

"ఏటి?"

"నాకు తెలుసు. కొత్త ధరల కాగితం ఆ పొద్దున్నే ఓనరు నా సేతిలో పెట్టినాడు. పాత రేటుది ఒక్కటే మిగిలింది."

"ఒక్కటుంటే ఒక్కటి ఇచ్చీవలసింది."

"అప్పా, వదిలీ."

"ఎవరికిచ్చినావు?"

"వదిలీ అన్నాను కదా."

"ఎవరికిరా?"

"నీ కూతురికే. మన భానుకి."

"భాను కాడున్నది అదేనా?"

"కాలేజీలో అందరి కాడా ఉన్నాది, తండ్రి లేని గుంటకి నానేం కొనగలనని నువ్వేడ్చినావు కదా. కొత్త రేటుకి నా వల్ల కాదు. అదొక్కటే అందేది."

"నా ఏడుపు మీదకి తోస్తన్నావా?"

"లేదప్పా. సేసింది నానే. ఆ పిల్ల డబ్బు తీసి బల్ల మీద పెట్టింది కూడాను. నానే ఆ కట్ట తీసి దాని సంచిలో పెట్టీసినాను. జాగ్రత్త దీదీ, బస్సులో దొంగలుంటారు అన్నాను. అది మలుపు తిరిగిందో లేదో నా పేర బిల్లు కొట్టించుకున్నాను."

"దొంగలుంటారన్నావా?"

"అన్నానప్పా."

"నిన్న ధర సెప్తే ఏటంది?"

"నా మొహమే సూసింది. టీ తెప్పిస్తే తాగింది. 'ఇంకేవైనా ఉన్నాదా దాదా?' అంది. లేదన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదన్నాను. తిట్టినా బాగుండును."

"ఇప్పుడేటి సేస్తావు?"

"భాను వాడతన్నది తీసుకెళ్ళి ఇచ్చీస్తాను. వాడింది కదా, ముప్పై వేలిస్తే సాలు. మిగతాది నా జీతంలో పోతాది. గుంటకి నువ్వే సెప్పాల."

"భానుకి నాను సెప్తాను. నస్రీన్‌కి నువ్వేటి సెప్తావు?"

"ఎవరో వాడి తిరిగిచ్చీసినారని..."

"మళ్ళీ అబద్ధమేనా?"

"నిజం సెప్తే నా మొహం సూస్తాదా అప్పా? నిన్ను మాత్రం నమ్ముతాదా? రేపు ఆళ్ళ నాన్న ఒళ్ళు ముట్టుకోనిస్తాదా?"

"ముట్టుకోనిస్తాదిరా. నిన్న కూడా ముట్టుకోనిచ్చింది."

"తెలీదు కాబట్టి."

"శుక్రారం మనింటికొచ్చి భాను పక్కన కూకుందిరా. ఎప్పుడు కొన్నారంటే గుంట సంబరంగా బిల్లు తెచ్చి సూపించింది. నీ పేరూ ఆ మార్చి తేదీ సదువుకుని మళ్ళీ మడిచి ఇచ్చీసింది. నిన్న అంతా తెలిసే నీ కాడికొచ్చింది సుందరా, నీ నోటితో నువ్వే సెప్తావేమోనని."