వాల్ హెన్షా వింటన్ దాకా వెనక్కి నడిపిన బండి

సాయంత్రం ఐదయ్యేసరికి కారవాన్ పార్కులో ఎవరి కుర్చీ వాళ్ళు, ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని ఒకచోట చేరతారు. రిటైరై, ఉన్న ఇల్లు అమ్ముకుని, కారు వెనక చక్రాల ఇల్లొకటి తగిలించుకుని ఆస్ట్రేలియా చుట్టూ తిరిగే ముసలి జంటలకు అదే రచ్చబండ. ఈ ఆరేళ్ళలో వాల్ హెన్షా ఏ రచ్చబండ దగ్గరా నోటికి సెలవిచ్చినవాడు కాడు. వాళ్ళావిడ నోలీన్ పక్కన కూర్చుని ఊలు అల్లుకుంటూ, విన్న కోతలే మళ్ళీ వింటూ ఉంటుంది.

ఆ రోజు కార్నార్వన్ పార్కులోనూ కుర్చీలు పడ్డాయి. పక్క కారవాన్‌లో ఉండే గ్లెనిస్‌ది మాత్రం పడలేదు. అది నడుం విరిగి వాళ్ళ కారవాన్‌కి ఆనుకుని ఉంది. గ్లెనిస్ బోర్లించిన పాల క్రేటు మీద కూర్చుంది.

జరిగిందేమిటంటే, కొత్తగా వచ్చినవాడు కారవాన్‌ని తన చోటులోకి వెనక్కి ఎలా పెడతాడో చూడటం పార్కులో ఉన్నవాళ్ళకి పెద్ద కాలక్షేపం. మొగుడు స్టీరింగ్ పట్టుకుంటాడు, పెళ్ళాం వెనక నిలబడి చేతులతో సైగలు చేస్తుంది, మిగతావాళ్ళు కుర్చీల్లోంచి మార్కులు వేస్తారు. మధ్యాహ్నం వాల్ వంతు వచ్చింది. నోలీన్ రెండు అరచేతులూ ఎత్తి ఆగమంది. వాల్ ఆగలేదు. అరిచింది. ఇంజను మోతలో వినపడలేదో ఏమో, కారవాన్ వెళ్ళి పక్కవాళ్ళ కుర్చీ మీదకెక్కి గాని ఆగలేదు. గ్లెనిస్ బిస్కెట్ల డబ్బా కోసం లోపలికి వెళ్ళి అర నిమిషం అయిందంతే.

"బ్రేకు పట్టలేదు," అన్నాడు వాల్. పెద్దమనుషులు కనక అందరూ సరేనన్నారు.

బ్రేకు లక్షణంగా ఉందని నోలీన్‌కి తెలుసు. చెడినవి ఆయన కళ్ళు, అదీ ఏడాదిగా. డాక్టరు దగ్గరికి పదమంటే తల తిప్పుకుంటాడు. గట్టిగా అడిగితే ఒకటే మాట, "నేను స్టీరింగ్ వదిలిన రోజున బండి అమ్మేస్తాను. ఇద్దరం ఏదో ముసలాళ్ళ హోములో కూర్చుని గోడ చూసుకుందాం." ఆ మాటకి భయపడే ఆవిడ ఏడాదిగా నోరు మూసుకుంది. రేపు పొద్దున్నే ఉత్తరానికి బయల్దేరాలి. దారి పొడుగునా పెద్ద పెద్ద లారీలు. ఇవాళ నలిగింది కుర్చీ. రేపు ఎవరో అన్న ఆలోచన మధ్యాహ్నం నుంచీ ఆవిడ గుండెలో రాయిలా పడి ఉంది.

వాల్‌కి అవేం పట్టినట్టు లేదు. గ్లాసు మోకాలి మీద పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఇదేమంత గొప్ప సంగతి కాదులే," అని మొదలుపెట్టాడు. ఎప్పుడూ అలాగే మొదలుపెడతాడు. "వింటన్ నుంచి బూలియా పోతున్నాం. తారు ఒక్క బండికే సరిపోతుంది, అటూ ఇటూ వానకి నానిన మట్టి, దిగితే ఇరుసు దాకా కూరుకుపోతాం. ఎదురుగా మూడు ట్రైలర్లు లాక్కుంటూ లారీ. వాడు దిగడు, నేను దిగలేను. ఏం చేస్తాను? వెనక్కి కొట్టాను. కారవాన్ తగిలించుకుని రెండు వందల మీటర్లు, గీత గీసినట్టు."

"నలభై ఏళ్ళు మెల్‌బోర్న్‌లో సిటీ బస్సు తోలాను," అన్నాడు గ్లెనిస్ మొగుడు స్టావ్, నెమ్మదిగా. "వెనక ఇంకోటి తగిలించి ఉంటే ఇరవై మీటర్లే కష్టం."

అల్లిక చేస్తున్న నోలీన్ వేళ్ళు ఆగాయి. ఆ రెండు వందల మీటర్లూ నిజమే. కాకపోతే ఆ రోజు లారీ ముంచుకొచ్చేదాకా వాల్‌కి కనబడలేదు. కనబడ్డాక స్టీరింగ్ వదిలేసి కిందకి దిగిపోయాడు. వెనక్కి నడిపింది నోలీన్. వెనక బురదలో నిలబడి చేతులూపింది వాల్. ఎవరికీ చెప్పొద్దని ఆ రాత్రి ఒట్టు వేయించుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" వాల్ కుర్చీ ముందుకి జరిపాడు. "అక్కడ తప్పుకుందామంటే అక్కడా బురదే. లారీవాడా, మీదకి వస్తూనే ఉన్నాడు. సరే పదమని ఇంకో ఇరవై కిలోమీటర్లు వెనక్కే పోయాను. మధ్యాహ్నమైంది, ఆకలి. ఆగడానికి లేదు కదా, నోలీన్ కారవాన్‌లో మాంసం ముక్కలు వేయించి, పరుగున వచ్చి కిటికీలోంచి అందించి, మళ్ళీ వెనక్కి పరిగెత్తి సైగలు."

"ఉల్లిపాయలు వేసిందా?" అడిగారెవరో.

"వేయకుండా ఎలా ఉంటుంది? విను. ఈమూ పక్షి వెనక్కి నడవలేదని మీ అందరికీ తెలుసు. చిన్నప్పుడు బళ్ళో చెప్పే ఉంటారు. మా పక్కన ఒక ఈమూ పరిగెత్తుతోంది. నా వైపు చూసింది. కాసేపు ఆలోచించింది. ఆగి, ఒక కాలు వెనక్కి వేసింది. తర్వాత రెండోది. సాయంత్రానికి దాని పిల్లలు ఏడూ వెనక్కే నడుస్తున్నాయి. ఇప్పటికీ ఆ వైపు ఈమూలు వెనక్కి నడుస్తాయి, వెళ్ళి చూసుకోండి."

నవ్వులు లేచాయి. గ్లెనిస్ నవ్వలేదు.

"అది కాదు వింత. మీటరు వెనక్కి తిరుగుతోంది. పెట్రోలు ముల్లు పైకి పోతోంది. బయల్దేరింది గురువారం పొద్దున. మూడు వందల అరవై కిలోమీటర్లు వెనక్కి నడిపి వింటన్‌లో ఆగేసరికి ట్యాంకు నిండుగా ఉంది, పేపరు తీస్తే బుధవారం."

"మరి అంత దూరం వెనక్కి పోతుంటే నోలీన్ సైగలు ఎలా కనబడ్డాయోయ్?" అన్నాడు స్టావ్.

"దుమ్ము పడకుండా అర కిలోమీటరు వెనక ఉండమన్నాను. అయితేనేం? అద్దంలో ఆవిడ బొటనవేలి మీద పుట్టుమచ్చ కూడా కనబడుతోంది నాకు."

ఈసారి నవ్వు అంతగా రాలేదు. వానకి నానిన నేల మీద దుమ్మెక్కడిదని కూడా ఎవరూ అడగలేదు. స్టావ్ విరిగిన కుర్చీ వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. అందరూ మర్యాదకి ఊరుకున్నారని నోలీన్‌కి అర్థమైంది. సిగ్గేసింది, జాలేసింది, అన్నిటికన్నా ఎక్కువగా కోపమొచ్చింది, తన మీద తనకే.

ఊలు కుర్చీలో పెట్టి లేచింది. ముప్ఫై అడుగులు నడిచి తమ కారవాన్ వెనక, ఆరేళ్ళుగా నిలబడే చోట నిలబడింది. పడమటి ఎండ సూటిగా ఆవిడ మీద పడుతోంది. రెండు అరచేతులూ ఎత్తింది.

"వాల్, ఏమంటున్నాను?"

వాల్ కళ్ళు చికిలించాడు. "ఇదో పరీక్షా? రమ్మంటున్నావు."

ఎక్కడో కారవాన్‌లో కెటిల్ కూత పెట్టి ఆగింది. వాల్ ఒక్కొక్క మొహం వైపూ తిరిగాడు. మొహాలు సరిగా కనబడకపోయినా ఆ నిశ్శబ్దం ఏమిటో తెలిసింది. గ్లాసు కింద పెట్టి లేచాడు. నోలీన్ వైపు నడిచాడు, కాస్త నడిచి ఆగి చూస్తూ, మళ్ళీ నడుస్తూ. ఆవిడ చేతులు దించలేదు.

ఒకచోట ఆగిపోయాడు.

"ఆగమంటున్నావు," అన్నాడు.

"మధ్యాహ్నం కూడా అదే అన్నాను వాల్. గ్లెనిస్ కుర్చీలో ఉండి ఉంటే?"

వాల్ మిగిలిన అడుగులు పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ నడిచి, జేబులోంచి తాళంచెవి తీసి, ఎత్తి ఉన్న ఆ అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"బండి అమ్ముతావా?" అంది గొంతు తగ్గించి.

"ఎందుకు? తోలడం నీకు వచ్చుగా." అని కుర్చీల వైపు తిరిగాడు. "ఆ రోజు వెనక్కి నడిపింది ఈవిడ. బురదలో నిలబడి చేతులూపింది నేను. గ్లెనిస్, బ్రేకు బాగానే ఉంది. నాకు నువ్వు కూర్చునే చోటు కనబడలేదు. క్షమించు."

గ్లెనిస్ తలూపింది. అది ఆయనకి కనబడదని గుర్తొచ్చి, "సరే వాల్," అని పైకి అంది.

"ఇప్పుడు ఎంత దూరం కనబడుతుందోయ్?" అడిగాడు స్టావ్, మెత్తగా.

"ఎనిమిది అడుగులు," అన్నాడు వాల్.

ఇంకేదో చెబుతాడని అందరూ కాసేపు చూశారు. వాల్ దానికి ఒక్క అడుగు కూడా కలపలేదు.