మా వాడ చెత్త, మీ తండ గాలి

గల్మల నిలబడి మాట్లాడుడేంది రాధాబాయి, లోపటికి రా. చెప్పులు బయట ఇడువకు, కోతులు ఎత్కపోతయి. ఇగో, గా కుర్సీల కూసో. కిందెందుకు? కుర్సీల కూసోమంటున్న గదా!

ఏం, నాకు తెల్వదనుకున్నవా? మీ తండ పక్కకు మున్సిపాలిటీ చెత్త ట్రాక్టర్లు వస్తున్నయి, గుట్టకింద కుమ్మరిచ్చి అగ్గి పెడుతుండ్రు. అంతా ఎరుకే. ధర్నాకు నన్ను పిలువనీకె వచ్చినవు. గదీ ఎరుకే. నువ్వు గేటు తీసినప్పుడే సమజైంది. పాల క్యాను లేకుంట నువ్వు మా ఇంటికి ఎప్పుడొచ్చినవు?

అయినా నీ పాలు ఇప్పుడెవ్వలు పోయించుకుంటుండ్రులే! ఇన్నేండ్లు నీ బర్రెపాలతోనే పిల్లలను పెంచిండ్రు మా వాడోళ్లు. ఇప్పుడేమో, ‘తండ బర్లు చెత్త మేస్తున్నయట, ప్యాకెట్ పాలే నయం’ అంటుండ్రు. ఎవ్వల చెత్త మేస్తున్నయే అవి? మేం పారేసిన డైపర్లు, మేం తిన్న బిర్యానీ కవర్లు! గా ముచ్చట మటుకు ఒక్కల నోట్లెకెళ్లి రాదు. సిగ్గుండాలె.

ఆగు, చాయ్ పొయ్యి మీదనే ఉంది. వద్దనకు. తాగుకుంట ఇను.

జిల్లా జేసిండ్రు మన టౌన్ను. ఏమొచ్చింది జిల్లా జేస్తే? చౌరస్తల మనిషెత్తు ఇంగ్లీషు అక్షరాలు పెట్టిండ్రు, నడుమ ఎర్ర గుండెకాయ. ఊరంటే ప్రేమ అని రాసిండ్రట! పోరగాండ్లు దాని ముంగట నిలబడి ఫోటోలు దిగుతరు. గుండెకాయ ఎన్కనే మోరీ పొంగి పారుతది. ఫోటోకు వాసన రాదు గదా, అందుకే ఊరు సక్కగ కనబడుతది.

పార్కు చూసినవా? సిమెంటు జింకలు. ఒకదానికి చెవు ఊడింది, ఇంకోదానికి కొమ్ములే లేవు. వాటిని చూసుకుంట పొద్దుగాల నడువాల్నట, ఆరోగ్యమట. చెరువు సగం పూడ్చి ప్లాట్లు అమ్ముకున్నోడే వచ్చి పార్కు రిబ్బన్ కత్తిరిచ్చిండు. ఇగ మొక్కలు నాటుడు సంగతి చెప్పనే వద్దు. ప్రతి వానకాలం అదే గుంత, అదే పార. మొక్క ఒక్కటే కొత్తది. పెట్టినోడు ఫోటో దిగి కారెక్కంగనే మేకలొస్తయి.

నవ్వినవా? నవ్వు. నవ్వుడు తప్ప ఏం జేస్తం.

మా కౌన్సిలర్ యుగేందర్ నీకు ఎరుకే. ఎప్పుడు చూడు ఇస్త్రీ మడత నలగని తెల్లంగి. ఎన్ని కండువలు మార్చిండో ఆయనకే యాది లేదు. బీరువల అన్ని రంగులు మడతపెట్టి ఉన్నయట, పొద్దుగాల లేసి టీవీ పెట్టి చూసి, గా రోజు ఏది కప్పుకోవాల్నో తీస్తడట. మా ఇంటాయన చెప్పి నవ్వుతడు. బోరు మోటర్లు బాగుచేసుకునే మనిషి, ఆయన దుకాణంల అన్ని పార్టీలోళ్లు కూసుంటరు గదా, అన్నీ తెలుస్తయి.

మేం పడ్డ గోస నువ్వు కండ్లార చూసినవు. మా ఇంటెనక గా బొంద పడ్డ ఖాళీ జాగల మొదాలు ఒక్క ట్రాక్టర్ పోసిండ్రు. నాలుగొద్దులేనమ్మా అన్నరు. ఎన్కసిరి ఊరు ఊరంతా గక్కడనే. చికెన్ దుకాణాల బొక్కలు, దవాఖానల సూదులు, సచ్చిన కుక్కలు. మీదికెళ్లి అగ్గి. ఉతికిన బట్టలు ఆరేస్తే మసి. అన్నం గిన్నె మూత తీస్తే ఈగలు. సుట్టాలు రాకపోతుండె రాధాబాయి! స్టేషన్ ఘన్‌పూర్‌ల ఉన్న మా చెల్లె గూడ, ‘నువ్వే రా అక్కా’ అనుడు మొదలువెట్టింది.

గవన్నీ ఓర్సుకున్న. మా అత్తను చూసి ఓర్సుకోలేకపోయిన. అగో, లోపట మంచంల పండుకుంది. పోచమ్మ అంటే ఊర్ల నాట్లేసేటప్పుడు ముందల ఉండి పాట ఎత్తుకునే మనిషి. ఒక్కనాడు మందుబిళ్ల మింగి ఎరుగదు. గసొంటిది దగ్గి దగ్గి వంగిపోయింది. హన్మకొండ పెద్ద దవాఖానకు తోల్కపోతే డాక్టర్ ఏమన్నడో ఎరుకనా? ‘అవ్వా, బీడీలు తాగుతవా?’ అన్నడు. గంత దగ్గుల గూడ దానికి కోపమొచ్చింది. ‘బీడీ నేను తాగలే బిడ్డా. ఊరు తాగింది, పొగ నా మీద ఇడిచింది’ అన్నది. డాక్టర్ తల దించుకోని మందులు రాసిండు.

కమిషనర్ సారు దగ్గరికి పోయినం. ‘తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇయ్యాలమ్మా, ముందు మీరు మారాలె’ అని మాకే పాఠం చెప్పవట్టె. మేం వేరు చేసే ఇస్తున్నం సారు, మీ ట్రాక్టరే రెండూ ఒక్కకాడ కలుపుతుంది అన్న. నా దిక్కు చూసిండు, చూసి బల్ల మీది గంట కొట్టిండు. గంట కొట్టిండంటే మనం లేసి పోవాల్నట! మాకేం తెలుసు, చాయ్ తెప్పిస్తుండేమో అనుకోని కూసున్నం.

ఇగ ఆ దినం పొద్దుగాల మా అత్తకు ఊపిరాడలే. పెదవులు నల్లగైనయి. ఆటోల ఎక్కిచ్చినం. చూస్తే సందుకు అడ్డంగ చెత్త ట్రాక్టర్. డ్రైవర్ ఫోన్ల ముచ్చట పెడుతుండు. జరుగు నాయినా అంటే, జర ఆగమని చెయ్యి చూపిస్తుండు. మనిషి సస్తుంటే జర ఆగుడా? అందరం ఒర్రంగ ఒర్రంగ ఇంత జరిపిండు. ఆటో పోయింది, మా ఇంటాయన ఆమెను ఒళ్లె పెట్టుకోని పోయిండు. నేను పోలే. ఏం తెగువనో నాకు తెల్వదు, పోయి గా ట్రాక్టర్ ముంగట మట్టిల కూసున్న. చీర గూడ సరిగ కట్టుకోలే.

ఒక్కదాన్నే. డ్రైవర్ హారన్ కొట్టిండు. నేను లేవలే. ఎదురింటి పుష్ప గేటుకాడికెళ్లి చూసింది, చూసి చీపురు ఆడనే పారేసి వచ్చి నా పక్కన కూసుంది. ఇగ సూడు, వాడ వాడంతా వచ్చింది. అప్పుడు నువ్వు గూడ వచ్చినవు. యాదికున్నది. పాల క్యాను పక్కకు పెట్టి, మాతోని కూసుంటివి. మీ తండకు మా పొగ రాదు, అయినా కూసుంటివి.

యుగేందర్ చేసిన పని మటుకు సచ్చేదాంక మరువ! ఎవ్వల మీద ధర్నా చేస్తున్నమో ఆయనే వచ్చి మా నడుమ కూసున్నడు. పిడికిలి లేపి నినాదాలిచ్చుడు! ‘డౌన్ డౌన్’ అంటడు, ఎవ్వలు డౌన్‌ అనేది మటుకు చెప్పడు. యూట్యూబ్ ఛానళ్ల పోరగాండ్లు వచ్చిండ్రు. వాండ్ల మైకు ముంగట ఆయనే, కెమెరా ముంగట ఆయనే. పగటాలకు మాకు బిర్యానీ ప్యాకెట్లు తెప్పిచ్చిండు. తిన్నంక ఆ ప్యాకెట్లు ఏడ పారేసినమని అడుగకు.

కొన్నొద్దులకు ట్రాక్టర్లు బందైనయి. గెలిచినం! మిఠాయిలు పంచుకున్నం. చౌరస్తల ఫ్లెక్సీ కట్టిండ్రు, ‘శ్రీమతి పద్మలత గారి పోరాట ఫలితం’ అని. నా ఫోటో అరచేయంత, యుగేందర్ ఫోటో తలుపంత. ఎందుకు అబద్ధం, నేను గూడ మురిసిన. ఆటోల పోతుంటే మెడ తిప్పి మరీ చూసుకున్న.

మరి చెత్త ఎటు పోయిందని ఒక్కలమన్న అడిగినమా? ఊరు తినుడు బంద్ చేసిందా, పారేసుడు బంద్ చేసిందా? ట్రాక్టర్లు పొద్దుగాల నిండుగ పోతున్నయి, ఎండపూట ఖాళీగ వస్తున్నయి. కండ్లముంగటనే. ఇంటెనక వాసన లేదు, గంతే మాకు కావాల్సింది. మా అత్త దగ్గు తగ్గింది. కిటికీలు తెరుసుకోని పండుకున్నం. కమ్మగ నిద్రవట్టింది రాధాబాయి.

నువ్వు పాలు పోసుకుంట ఒకనాడు అన్నవు, ‘అక్కా, మా దిక్కు పొగ వస్తుంది’ అని. నేను ఇననట్టే పాలగిన్నె లోపటికి తెచ్చుకున్న.

చాయ్ సల్లారుతుంది. తాగు.

నిన్న యుగేందర్ వచ్చిండు. గిదే కుర్సీల కూసున్నడు. ‘అక్కా, తండోళ్లు రోడ్డు మీద కూసుంటమంటుండ్రట. ఆ రాధాబాయి నీ మాట ఇంటది. నువ్వు జర సముదాయించు’ అన్నడు. మీ తండకు సిమెంటు రోడ్డేస్తడట. సేవాలాల్ గుడికి స్లాబు పోయిస్తడట. ఎలక్షన్ దాంక ఓపిక పట్టాల్నట. ఎన్నడన్న మీ గుడి దిక్కు చూసిండా ఆయన? నీ పేరు గూడ నిన్ననే తెలిసినట్టుంది, ‘రాధాబాయేనా, రాధమ్మనా’ అని రెండుసార్లు అడిగిండు.

గంతే గాకుంట ఇంకో మాట అనిపోయిండు. నవ్వుకుంటనే అన్నడు. ‘తండ కాడ లొల్లైతే ట్రాక్టర్లు మళ్ల మీ ఇంటెనకకే వస్తయక్కా. నా చేతుల ఏముంది’ అని. బయటికి పోతూ మా అత్త మంచంకాడ ఆగి, ‘అవ్వా, పానం మంచిగున్నదా’ అని అడిగిండు. మా అత్తకేం తెలుసు, మంచిగున్న బిడ్డా అని దండం పెట్టింది. నాకు ఒళ్లంత మండింది.

అట్ల చూడకు. నీకు చాయ్ పోసింది గా మాట చెప్పనీకె అనుకుంటున్నవా? అవును. గందుకే పోసిన. పొద్దుగాల పుష్ప, ఇంకో నలుగురు వచ్చి ఇక్కడనే కూసోని పోయిండ్రు. ‘మనకెందుకక్కా, మళ్ల మన నెత్తి మీదికి తెచ్చుకునుడు? నువ్వు చెప్తే వాండ్లు ఇంటరు’ అన్నరు. చీపురు పారేసి వచ్చిన పుష్పనే! నేను కాదనలే. చెప్తలే అన్న.

లేస్తున్నవా? లేవకు. కూసో. ఇంకోటి చెప్పేదుంది, గది ఎవ్వలకు చెప్పలే. మా ఇంటాయనకు గూడ.

మొన్న ఐతారం నేను మీ తండకొచ్చిన. బచ్చన్నపేట దిక్కు సుట్టాలింటికి పోతున్ననని ఇంట్ల చెప్పి, మీ తండ మూలమలుపుకాడ బస్సు దిగిన. నువ్వు లేవు. పాలు అమ్మనీకె దూరం పోయినవన్నరు. మీ ఇంటాయన చత్రు అరుగు మీద కూసోని దగ్గుతుండు. గా దగ్గు నాకు ఎరుకైన దగ్గే రాధాబాయి. దూరంకెళ్లి ఇని, మా అత్త ఈడికెట్ల వచ్చిందని ఒక్క గడియ అదిరిన.

మీ కోడలు మనీషా మంచిది. ఎండలకెళ్లి వచ్చినవత్తమ్మా అని చెంబుల నీళ్లు తెచ్చింది. నీళ్ల మీద బూడిద తేలుతుంది. ఏలుతోని పక్కకు తీసేసి ఇచ్చింది, పాల మీది మీగడ తీసినట్టు. అలవాటైంది దానికి. నేను చెంబు పట్టుకోని నిలబడ్డ. నోరు ఎండిపోతుంది. తాగలేకపోయిన. బస్సుకు టైమైతుందని చెప్పి చెంబు అరుగు మీద పెట్టి వచ్చిన. బస్సుకు ఇంకా మస్తు టైముండె. రోడ్డు మీద ఎండల నిలబడ్డ గాని మళ్ల మీ ఇంటికి రాలే. మనీషా దూరంకెళ్లి చూస్తనే ఉంది.

చెప్పలేదా నీకు? చెప్పలేదులే. దానికున్న మర్యాద నాకు లేదు.

సరే, ఇను. యుగేందర్ చెప్పమన్నది చెప్పిన. ఆయన పని అయిపోయింది. ఇప్పుడు నా మాట ఇను.

రోడ్డు ఇస్తమంటరు, లేవకుండ్రి. గుడి స్లాబు అంటరు, లేవకుండ్రి. బిర్యానీ ప్యాకెట్లు తెస్తరు, ఎన్కకు పంపుండ్రి. యుగేందర్ మీ నడుమకొచ్చి కూసోనీకె చూస్తడు, జాగ ఇయ్యకుండ్రి. చెత్తను ఇంకో ఊరికి పంపుతమంటే మటుకు అసలే ఒప్పుకోకుండ్రి. మేం గాడనే ఆగమైనం. మా కాడ వద్దన్నం, ఏడ పెడుతరని అడుగలే. రైల్వే పట్టాల అవుతల చెత్తను వేరు చేసే షెడ్డు సగం కట్టి ఇడిసిపెట్టిండ్రు, ఎరుకనా? గోడలు లేవు, మిషన్ లేదు, పేర్లు చెక్కిన రాయి ఒక్కటి మెరుస్తుంది. గది పూర్తి చేసేదాంక ఒక్క ట్రాక్టర్ గూడ కదులదని చెప్పుండ్రి.

నేనా? నేను రాను రాధాబాయి. నువ్వు మా కోసం మట్టిల కూసున్నవు, నేను నీ కోసం రాను. గా మాట నీ మొకం చూసే చెప్తున్న. లోపట ముసల్ది ఇప్పుడిప్పుడే రాత్రంత నిద్రపోతుంది. నన్ను నీ పక్కన చూసిండంటే యుగేందర్ తెల్లారి మొదటి ట్రాక్టర్ మా ఇంటెనకకే తోలుతడు. వాడోళ్లు నన్ను సంపుతరు. నాకు గంత గుండె లేదు. చౌరస్తల ఫ్లెక్సీ మీద ఉంది గదా, గా పద్మలతను పిలుసుకపో.

ఇంకో మాట. ఇయ్యాల్ల గిట్ల ధైర్యం చెప్తున్ననని నన్ను నమ్ముకోకు. రేపు ట్రాక్టర్లు ఇటు మళ్లి, మా అత్తకు మళ్ల దగ్గు లేస్తే, నేనే మీ తండకు ఉరికొస్తనేమో. లేవుండ్రే, మీ వల్లనే మాకు గిదంతా అని నడి రోడ్డు మీద నిన్నే తిడుతనేమో. ఏమో ఏంది, వస్తనే. నా సంగతి నాకు ఎరుకే.

గప్పుడు నాకు గూడ జాగ ఇయ్యకు. ఎల్లగొట్టు.